భోంచేసే వచ్చామండీ

మా అమ్మమ్మగారి ఊళ్ళో మిట్టమధ్యాహ్నం ఎవరింటికైనా వెళ్ళినవారు అనకూడని మాట ఒకటుండేది: "భోంచేసే వచ్చామండీ". అది నిజమే కావచ్చు, మొహమాటమూ కావచ్చు. ఏదైనా, వినగానే ఆ ఇల్లాలి ముఖం చిన్నబోయేది. తన గడప తొక్కినవారు తన చేతి ముద్ద తినకుండా, గోడమీది పటాలు చూసి వెళ్ళిపోతారేమోనని ఆవిడ బెంగ. "పోనీ, మజ్జిగైనా పుచ్చుకోండి" అని ఆవిడ బతిమాలడం, "ఎందుకండీ మీకు శ్రమ" అంటూనే వీరు గ్లాసు అందుకోవడం. అక్కడితో ఇరుపక్షాల మర్యాదా గట్టెక్కేది.

ఆ మాటను నేను ఒకసారి ఏకంగా ఒక ద్వీపంతో అన్నాను. అన్నానని తెలుసుకోవడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. ఈ టపా ఆ సంగతి గురించే.

2016 వేసవిలో మా అబ్బాయి కుటుంబంతో కలిసి గ్రీసు దీవులు చుట్టివచ్చే విహారనౌక ఎక్కాము. ఒకనాటి ఉదయం కళ్ళు తెరిచేసరికి నౌక శాంటోరిని ముందు నిలిచి ఉంది. నల్లగా, ఎర్రగా, పొరలు పొరలుగా నిట్టనిలువునా లేచిన కొండచరియ. దాని అంచున ఎవరో ముగ్గుపిండి ఒలకబోసినట్టు తెల్లటి ఇళ్ళు. అక్కడ పెద్ద నౌకలు ఒడ్డుకు చేరలేవు. చిన్న పడవల్లో మనుషుల్ని పాత రేవుకు చేరవేస్తారు. అక్కడినుంచి పైనున్న ఫిరా ఊరికి మూడే దారులు: దాదాపు ఆరువందల మెట్లు, కంచరగాడిదలు, లేదా తీగమార్గం. మేము తీగమార్గం కోసం ఎండలో వరుసలో నిలబడి, పైకి చేరి, బస్సెక్కి ఇయా అనే ఊరికి వెళ్ళి, నీలిరంగు గుమ్మటాల ముందు ఛాయాచిత్రాలు తీసుకున్నాము. పన్నెండు దాటగానే మా అబ్బాయి, "నౌకలో భోజనం మూడింటిదాకా ఉంటుంది నాన్నా. డబ్బు కట్టేశాం కదా, ఇక్కడ మళ్ళీ ఖర్చెందుకు?" అన్నాడు. న్యాయంగానే తోచింది. వచ్చినదారినే వెనక్కి వెళ్ళి, నౌకలో పీకలదాకా తిన్నాము.

ఆనాడు శాంటోరినిలో నేను తాగినది ఒక సీసాడు మంచినీళ్ళు. కొన్నది ఫ్రిజ్ తలుపుకు అంటించే అయస్కాంతపు బొమ్మ ఒకటి. తిన్నది ఏమీ లేదు. అయినా ఇంటికి వచ్చాక అందరితోనూ "శాంటోరిని చూశాం" అని చెప్పుకున్నాను. చూసిన మాట నిజమే. అమ్మమ్మగారి ఊళ్ళో గోడమీది పటాలు చూడడం లాంటిదే అది.

నౌకాయానం ఎన్నడూ చేయనివారికి ఒక చిన్న వివరణ. ఆ టిక్కెట్టు ధరలోనే మూడుపూటల తిండీ కలిసి ఉంటుంది. ఏ వేళకు వెళ్ళినా పదిరకాల పళ్ళేలు సిద్ధంగా ఉంటాయి. ముందే చెల్లించిన భోజనాన్ని వదులుకుని, బయట మరోసారి డబ్బు పెట్టి తినడమంటే మన మధ్యతరగతి ప్రాణం విలవిలలాడుతుంది. ఇందులో పిసినారితనం కన్నా లెక్కే ఎక్కువ. ఆ లెక్క మనచేత వేయించేది నౌక. ఫలితంగా, తిండికీ ద్రాక్షసారాయానికీ పేరుమోసిన తీరాలకు మనం నిండు కడుపుతో దిగుతాము, కడుపు ఖాళీ అయ్యే వేళకు వెనుదిరుగుతాము.

ఇంతకూ ఆ నేల ఎలాంటిది? సుమారు 3600 ఏళ్ళ క్రితం అక్కడొక మహా అగ్నిపర్వతం బద్దలైంది. ద్వీపం నడిబొడ్డు కుంగిపోయి సముద్రం లోపలికి వచ్చింది. మిగిలిన అంచులమీద బూడిదా, నురుగులా తేలికైన రాయీ మందంగా పేరుకుపోయాయి. ఏర్లు లేవు. వేసవిలో వాన చుక్క రాలదు. అలాంటిచోట ఏం పండుతుందని మనబోటివారు పెదవి విరుస్తాము. కానీ ద్రాక్ష పండుతుంది. రాత్రివేళ సముద్రం మీదనుంచి వచ్చే తేమను ఆ నురుగురాయి పీల్చుకుని దాచిపెడుతుంది. వేరు ఆ తడిని వెతుక్కుంటూ లోతుకు పోతుంది.

అక్కడి గాలి మరీ పొగరుబోతు. తీగను పందిరి ఎక్కిస్తే బతకనివ్వదు. అందుకని రైతులు కొమ్మలను నేలకు ఆనించి, ఒకదానిమీద ఒకటి గుండ్రంగా అల్లుకుంటూ పోతారు. మన ఆడవాళ్ళు నెత్తిన బిందె నిలవడానికి గుడ్డతో చుట్టే చుట్టకుదురు జ్ఞాపకముందా? అచ్చం అదే ఆకారం. గ్రీకులో దాని పేరు 'కులూరా'. అర్థమూ దాదాపు అదే, చుట్ట అని. గుత్తులు ఆ గంపలోపల, ఇసుకగాలి తగలకుండా, ఆకుల నీడలో పెరుగుతాయి. కొన్ని దశాబ్దాలకు గంప ముదిరిపోతే పైభాగం కోసేసి, అదే వేరునుంచి కొత్త చుట్ట మొదలుపెడతారు. అంటే కంటికి కనబడే తీగ కన్నా నేలలోని వేరు వయసు చాలా ఎక్కువ. పంతొమ్మిదో శతాబ్దపు ఉత్తరార్ధంలో ఫిలోక్సెరా అనే పురుగు అమెరికానుంచి వచ్చి ఐరోపా ద్రాక్షతోటలను సర్వనాశనం చేసింది. ఆ తరువాత అక్కడి తోటలు చాలావరకు అమెరికా వేళ్ళమీద అంటుకట్టి నిలబెట్టినవే. శాంటోరిని బూడిదనేలలో మాత్రం ఆ పురుగు బతకలేదు. అక్కడి 'అసిర్తికో' ద్రాక్ష నేటికీ సొంత వేళ్ళమీదే నిలబడి ఉంది.

ద్రాక్షతో పాటు చిట్టి టమాటాలూ, తెల్ల వంకాయలూ, గోడల సందుల్లో మొలిచే కేపరు మొగ్గలూ, 'ఫావా' అనే పప్పూ ఆ నేల పండించేవే. 1967లో తవ్వకాలు మొదలైన అక్రోతిరిలో, అగ్నిపర్వతపు బూడిద కింద దొరికిన జాడీలలో ఈ పప్పుజాతి గింజలే బయటపడ్డాయట. ఏథెన్సులో రాజుల పేర్లు ఎవరూ నమోదు చేయని రోజులనుంచీ ఆ ద్వీపం ఆ పప్పు తింటూనే ఉందన్నమాట.

ఇదంతా నేను 2016లో తెలుసుకుని వెళ్ళినది కాదు. 2025 ఆగస్టు చివరి వారంలో మళ్ళీ వెళ్ళాక తెలుసుకున్నది. ఈసారి మేమిద్దరమే. అప్పటికి వారంరోజులుగా నౌకలో రొట్టెలూ, పచ్చికూరల ముక్కలూ తిని విసిగిపోయిన మా ఆవిడ, పడవ దిగుతూనే తీర్మానం చేసింది: "ఈ పూట ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరు వండినది కూర్చుని తిందాం. ఆ నౌక తిండి నావల్ల కాదు." ఫిరానుంచి బస్సులో ఇరవై నిమిషాల దూరంలో పిర్గోస్ అనే కొండమీది పల్లె ఉంది. అటు బయలుదేరాము.

దారిపొడవునా రోడ్డుపక్కన గాలికి ఎండిన పొదల్లా ఏవో నేలకు కరుచుకుని ఉన్నాయి. అవి ద్రాక్షతోటలని పక్కనున్నాయన చెప్పేదాకా పోల్చుకోలేదు. కోతలు అప్పుడే ముగిసినట్టున్నాయి. ఒకచోట నేలమీద గుత్తులు గుత్తులుగా పరిచి ఎండబెట్టారు. మా ఆవిడ కిటికీలోంచి చూసి, "వడియాలు పెట్టినట్టు పెట్టారే!" అంది. 'విన్‌శాంటో' అనే తీపి ద్రాక్షసారాయానికి అలా రెండు వారాలదాకా ఎండబెడతారట. ఎండి, ముడుతలు పడి, చక్కెర చిక్కబడ్డాక పిండుతారు. తరువాత ఓకు పీపాల్లో ఏళ్ళతరబడి ఊరనిస్తారు.

పల్లెలో నాలుగే బల్లలున్న చిన్న పూటకూటి ఇంట్లో కూర్చున్నాము. వంట చేసేది ఒక పెద్దావిడ, వడ్డించేది ఆవిడ కూతురు. మాంసం వద్దనగానే పసుపుపచ్చగా ఒక పళ్ళెం వచ్చింది. మెత్తగా ఉడికించి మెదిపిన ఫావా. పైన ఆలివు నూనె, పచ్చి ఉల్లిపాయముక్కలు, కేపరు మొగ్గలు, పక్కన నిమ్మచెక్క. ఒక ముద్ద నోట పెట్టుకుని మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. ముద్దపప్పు! మన కేసరిపప్పుకు దాయాది అని తరువాత తెలిసింది. "ఒక్క ఆవకాయ బద్ద ఉంటే..." అని మా ఆవిడ నిట్టూర్చింది. వెనకాలే చిట్టి టమాటాలతో పకోడీకీ గారెకూ మధ్యస్థంగా ఉన్న వేపుడు ఒకటి వచ్చింది. అది రెండోసారీ అడిగి తిన్నాము.

కూతురు కొంచెం సందేహిస్తూ, "మీరు నౌకవారే కదా?" అని అడిగింది. ఔనన్నాము. "నౌకవారు ఈ వేళకు తిరిగి వెళ్ళిపోతారు. భోజనానికి కూర్చునేవారు తక్కువ" అంది. ఆ మాటలో నిష్ఠూరమేమీ లేదు. వాతావరణం గురించి చెప్పినట్టే చెప్పింది. నాకు మాత్రం తొమ్మిదేళ్ళ కిందటి అయస్కాంతపు బొమ్మ కళ్ళముందు కదిలింది.

మాటల్లో తెలిసింది, పెద్దావిడ పుట్టింటివారికి ద్రాక్షతోటలుండేవట. అన్నగారు కొంత అమ్మేశారు. అక్కడ ఇప్పుడు ఈతకొలను ఉన్న హోటలు ఉంది. "నేలకు కరిచిన తీగ కదా, యంత్రం పనికిరాదు. ప్రతి గుత్తీ వంగి చేత్తోనే కోయాలి. ఈ కాలంలో ఎవరు వంగుతారు?" అని కూతురు నవ్వుతూ చెప్పింది. చివర్లో పెద్దావిడ ఒక చిన్న గ్లాసులో విన్‌శాంటో తెచ్చి పెట్టింది. రంగు పానకం. మా ఆవిడ వాసన చూసి, "ద్రాక్షారిష్టం కదూ?" అని పక్కకు జరిపింది. నేను పుచ్చుకున్నాను. ఎండుద్రాక్షా, ముదురుపాకం బెల్లమూ కలిసిన రుచి. చివర మాత్రం నాలుక అంచున ఒక పులుపు. ఆ పులుపు లేకపోతే నిజంగా ఔషధమే అయ్యేది.

ఇక నా అభిప్రాయానికి వస్తాను.

శాంటోరిని జనాభా పదిహేను వేలకు కాస్త ఎక్కువ. 2023లో అక్కడికి దాదాపు 800 నౌకలు, 13 లక్షలమంది నౌకాయాత్రికులను తెచ్చాయి. రోజుకు 8000 మందికి మించకూడదని ఇప్పుడు హద్దు పెట్టారు. 2025 జులై నుంచి, వేసవి రద్దీ నెలల్లో దిగే ప్రతి నౌకాయాత్రికుడి మీదా ఇరవై యూరోల రుసుమూ వేశారు. రెండూ సబబే. నాలుగు నౌకలు ఒక్కసారి వచ్చిననాడు ఫిరా వీధుల్లో మనిషి నడవలేడు. నౌకల బాకీ ఆ ద్వీపానికి వేరే కూడా ఉంది: 2007 ఏప్రిల్‌లో సీ డైమండ్ అనే విహారనౌక అక్కడి రాతికి కొట్టుకుని మునిగింది. దాని శిథిలం ఇప్పటికీ ఆ నీటి అడుగునే ఉంది.

అయితే పర్యాటకం మీద రాసేవారిలో చాలామంది, శాంటోరినికి పట్టిన పీడలన్నిటికీ నౌకవారినే నిందిస్తారు. అక్కడ నాకు పేచీ ఉంది. ద్రాక్షతోటను మింగుతున్నది ఎవరు? ఆరుగంటలు తిరిగి రాత్రి సముద్రం మీదికి వెళ్ళి పడుకునే మనిషి సెంటు భూమి అడగడు. తోటను మింగేది గది. పడకకు గది కావాలి, గదికి కిటికీలోంచి సముద్రం కనబడాలి, గడపలో ఈతకొలను ఉండాలి, ఆ కొలనుకు నీళ్ళులేని ద్వీపంలో నీళ్ళు కావాలి. కొండలో తొలిచిన పాత ద్రాక్షసారాయపు నేలమాళిగలు, 'కనావా'లంటారు వాటిని, ఎన్నో ఇప్పుడు విడిదిగదులయ్యాయి. 2023, 2024లో వానలు లేక ద్రాక్ష దిగుబడి ఘోరంగా పడిపోయింది. దిగుబడి పడిపోయిన రైతు పక్కన స్థిరాస్తి వ్యాపారి నిలబడితే ఏం జరుగుతుందో హైదరాబాదువారికి నేను చెప్పనక్కరలేదు. నగరం చుట్టూ పందిళ్ళమీద అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష వేలాడిన తోటలు ఏమయ్యాయో, ఆ స్థలాల్లో కట్టిన ఇళ్ళలోనే మనవాళ్ళెందరో కాపురముంటున్నారు.

కనుక నా లెక్క ఇది. నౌకలో వచ్చినవాడు పడక అడగని అతిథి. ఇరుకు భూమి ఉన్న ద్వీపానికి అంతకన్న మంచి అతిథి ఉండడు, తినిపోతే. అతడి తప్పు రావడంలో కన్నా తినకుండా పోవడంలో ఎక్కువ ఉంది. గుంపు చేసి, వీధి ఇరుకు చేసి, చెత్త మిగిల్చి, ఆ వీధిని నిలబెట్టే పంటకు మాత్రం కానీ ఇవ్వకుండా వెళ్ళిపోతాడు. ఇరవై యూరోల రుసుము ఖజానాకు చేరుతుంది. ఒక పళ్ళెం ఫావా వెల మాత్రం పప్పు ఉడికించిన చేతికీ, ఆపై అది పండించిన రైతుకూ చేరుతుంది. ఆ భూమికి పంట భూమిగా ఒక ధర ఉంటేనే రైతు దాన్ని పంట భూమిగా ఉంచుకుంటాడు.

దీనికి కొన్ని ఆక్షేపణలు నాకే తోస్తున్నాయి.

మొదటిది: ఒక భోజనంతో తోటలు నిలుస్తాయా? నిలవవు. హోటలు గది ఇచ్చే ధరతో ఏ ద్రాక్షగుత్తీ పోటీపడలేదు. భూమి వాడకం మీద ప్రభుత్వపు కట్టడి లేకుండా తిండి ఒక్కటే తోటను కాపాడదు. కానీ కట్టడి పెట్టాలంటే, కాపాడడానికి అక్కడ బతికున్న పంట ఉండాలి. కొనేవాడు లేని పంటను ఏ చట్టమూ బతికించలేదు.

రెండోది: ఎనిమిది వేలమందీ ఒకేసారి భోజనానికి కూర్చుంటే ఆ పల్లెలు తట్టుకుంటాయా? అందరూ ఇయాలోనే కూర్చుంటే తట్టుకోవు. పిర్గోస్, మెగలోహోరి, ఎంబోరియో, ఇలా సముద్రపు చరియ అంచున లేని ఊళ్ళకు కొందరైనా చెదిరితే ఫిరాకూ ఊపిరి ఆడుతుంది. భోజనం మనిషిని ఒకచోట గంటసేపు కూర్చోబెడుతుంది. ఛాయాచిత్రం మనిషిని వీధివీధీ తిప్పుతుంది.

మూడోది కొందరు మిత్రులు తప్పక అడుగుతారు: తాగని వారి సంగతేమిటి? మా ఆవిడ ఏమీ తాగలేదు. ఆవిడ తిన్న పప్పూ, టమాటా, కేపరూ కూడా ఆ నేలవే. ద్రాక్షసారాయం రుచి చూడాలన్న నియమమేదీ లేదు. చేతికి అందిన మజ్జిగ కాదనకుండా ఉండడమే కావలసింది.

నాలుగోది కాస్త బరువైనది. పర్యాటకులే లేకపోతే ఆ ద్వీపం మరింత హాయిగా ఉండేది కాదా? 1956 జులైలో వచ్చిన భూకంపం ఊళ్ళకు ఊళ్ళను కూల్చింది. జనం పొట్టచేతబట్టుకుని ఏథెన్సుకు వలసపోయారు. పాడుబడిన ఆ ఇళ్ళకు మళ్ళీ సున్నం పడడంలో పర్యాటకుల డబ్బుకు పెద్ద పాత్ర ఉంది. 2025 ఫిబ్రవరిలో భూమి రోజులతరబడి వరసగా కంపిస్తే వేలమంది ద్వీపం విడిచి వెళ్ళారు. వేసవికి జనం రాకపోతే ఎలాగని ఆ పూటకూటింటివారు భయపడ్డారట. రానక్కరలేదు అనే మాట వారినోట నాకు వినబడలేదు. వచ్చినవారు ఎలా ఉండాలన్నదే ప్రశ్న.

నౌకల కంపెనీలకు నా చిన్న విన్నపం. రేవులో నిలిచే రోజుల మధ్యాహ్న భోజనాన్ని టిక్కెట్టులోంచి తీసివేసి, ఆ మేరకు ధర తగ్గించండి. అప్పుడు మాబోటివారి లెక్క దానంతటదే మారుతుంది. కనీసం ఏ దీవి ముందు లంగరు వేస్తారో ఆ దీవి పప్పూ, ద్రాక్షా మీ వంటశాలకు ఎక్కించండి. మీరు వినరని తెలుసు. అందుకే ముందుగా నాతోటి ప్రయాణికులకు చెబుతున్నాను: తీరానికి వెళ్ళే పూట నౌకలో పొద్దున ఫలహారం సగమే తినండి. డబ్బు పోయిందనుకోకండి. ఆ డబ్బు ఎటూ పోయిందే.

తిరిగి పడవెక్కేటప్పుడు మా సంచిలో విన్‌శాంటో సీసా ఒకటి, కిలో ఫావా పొట్లం ఒకటి ఉన్నాయి. నౌక గుమ్మంలో సీసా తీసుకుని చీటీ కట్టి, యాత్ర ముగిసిన రోజున ఇస్తామన్నారు. లోపల వాళ్ళు అమ్మే మద్యమే తాగాలి కదా! పప్పు పొట్లాన్ని మాత్రం అటూ ఇటూ తిప్పి చూసి వదిలేశారు. ఆ సాయంత్రం నౌక భోజనశాలలో పళ్ళెం నింపుకున్న ఒక తోటి ప్రయాణికుడు నన్ను "ఈరోజు ఇయా చూశారా?" అని అడిగాడు. లేదన్నాను. పాపం, నా మీద జాలిపడ్డాడు.

ఫావా ఇంకా కాస్త మిగిలి ఉంది. ఈసారి ఆవకాయకు లోటు లేదు. ఇటువైపు వచ్చే మిత్రులు చెప్పి రండి, చెప్పకుండానైనా రండి. భోంచేసి మాత్రం రాకండి.